క్యాచ్ జారినా అవుట్ ఎందుకిచ్చారు? కాజీపేట తండ్రికి సమాధానం

కాజీపేట నుంచి ఒక తండ్రి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దని కోరారు కాబట్టి, గుర్తుపట్టే వివరాలు తీసేసి అందులోని సారాంశాన్ని ఇక్కడ ఇస్తున్నాను.

ఆయన కొడుకుకు పదమూడేళ్ళు. స్కూల్ బేస్‌బాల్ జట్టులో క్యాచర్, అంటే బ్యాటర్ వెనక కూర్చుని బంతిని పట్టేవాడు. తండ్రి వయసులో ఉన్నప్పుడు హన్మకొండ మైదానాల్లో క్లబ్ క్రికెట్ ఆడినవారు. కొడుకు బేస్‌బాల్ ఎంచుకున్నప్పుడు మొదట మనసు చిన్నబుచ్చుకున్నా, తరువాత తానే తెల్లవారుజామున బండి మీద ప్రాక్టీసుకు దింపి వచ్చేవారు. జిల్లా జట్టు ఎంపిక కోసం హన్మకొండలో జరిగిన మ్యాచ్‌లో ఆ జట్టు ఒక్క పరుగు తేడాతో ఓడింది. ఓటమికి అంపైరే కారణమని ఆయన నమ్మకం.

మూడో ఇన్నింగ్స్‌లో వీళ్ళ జట్టు బ్యాటింగ్ చేస్తోంది. అప్పటికి ఒక అవుట్ అయింది. పరుగు కోసం వరుసగా తాకుతూ రావలసిన బేసుల్లో మొదటి దాని మీద ఒక పిల్లవాడు, రెండో దాని మీద ఆయన కొడుకు ఉన్నారు. బ్యాటర్ కొట్టిన బంతి షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేసుల మధ్య నిలబడే ఫీల్డర్) నెత్తి మీదకు నిట్టనిలువుగా లేచింది. అంపైర్ చెయ్యి పైకెత్తి ఏదో అరిచారు. బంతి ఫీల్డర్ గ్లవ్‌లో పడి, ఎగిరి కింద పడింది. మూడో బేసు పక్కన చెట్టు నీడలో నిలబడ్డ తల్లిదండ్రులందరూ “ఉరుకు, ఉరుకు” అని కేకలు వేశారు. ఆయన కొడుకు ఉరికాడు, మూడో బేసు ఇంకా రెండడుగుల దూరం ఉండగానే ట్యాగ్ అయ్యాడు, అంటే ఫీల్డర్ చేతిలోని బంతితో వాణ్ణి తాకాడు. అంపైర్ బ్యాటర్‌నూ రన్నర్‌నూ ఇద్దరినీ అవుట్ అన్నారు, మూడు అవుట్లు కావడంతో ఇన్నింగ్స్ అయిపోయింది. తండ్రి గీత దాకా వెళ్ళి వాదనకు దిగారు. కోచ్ ఆయన్ను చెట్టు కిందికి తీసుకెళ్ళి చాలాసేపు సముదాయించవలసి వచ్చింది. నాలుగో ఇన్నింగ్స్‌లో వీళ్ళ బ్యాటర్ ఒకడు లోపలికి దూసుకొచ్చిన బంతికి చేతులు వెనక్కి లాక్కుంటుండగా అది వేళ్ళకు తగిలింది. చేతులు కూడా బ్యాట్‌లో భాగమేనంటూ అంపైర్ ఫౌల్ (బ్యాట్‌కు తగిలి హద్దు బయటికి పోయిన బంతి) ఇచ్చారు. “అది సరైనదే కాబట్టి మేము మాట్లాడలేదు” అని ఆయన ఒక్క వాక్యంలో రాశారు. ఐదో ఇన్నింగ్స్‌లో రెండు అవుట్లయి, మూడో బేసు మీద ప్రత్యర్థి రన్నర్ ఉండగా, వాళ్ళ బ్యాటర్ మూడో స్ట్రైక్‌కు బ్యాట్ ఊపి తప్పిపోయాడు (బ్యాట్ ఊపి తప్పినా, కొట్టదగిన బంతిని వదిలేసినా స్ట్రైక్). బంతి మన క్యాచర్ గ్లవ్‌లోంచి జారి నేల మీద పడింది. ఇన్నింగ్స్ ముగిసిందనుకుని పిల్లవాడు బంతిని పిచర్ (బంతి వేసేవాడు) నిలబడే దిబ్బ వైపు దొర్లించి నడిచి వస్తుండగా, బ్యాటర్ మొదటి బేసుకు పరుగెత్తి సేఫ్ అయ్యాడు. మూడో బేసు మీది రన్నర్ హోమ్‌కు, అంటే బ్యాటర్ నిలబడే ప్లేటుకు, చేరాడు. వీళ్ళు ఓడిపోయింది ఆ పరుగుతోనే. చివరి ఇన్నింగ్స్‌లో మొదటి బేసు దగ్గర రన్నర్ కాలు, బంతి “ఒకేసారి వచ్చినా” అవుట్ ఇచ్చారు. ఆట ముగియగానే ఆయన మైదానంలోకి వెళ్ళి అంపైర్‌ను “ఎంత తీసుకున్నవ్?” అని అందరి ముందూ నిలదీశారు. ఎవరో తీసిన ఆ వీడియో తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది. ఆ అంపైర్ ఇంకా వ్యాయామ విద్య చదువుకుంటున్న కుర్రాడని తరువాత తెలిసింది.

ఆ రోజు నుంచి కొడుకు ప్రాక్టీసుకు వెళ్ళడం లేదు. గ్లవ్ తీసుకుపోయి సజ్జ మీద పెట్టేశాడు. “నువ్వు గ్రౌండ్‌కు రాకు డాడీ” అన్న ఒక్క మాట తప్ప ఇంకేమీ చెప్పడు. బావమరిదేమో వీడియో జతచేసి జిల్లా క్రీడాధికారికి ఫిర్యాదు రాయమంటున్నారు, భార్య ఈ గొడవంతా వదిలేయమంటున్నారు. ఫిర్యాదు చేయాలా, వాణ్ణి క్రికెట్‌కు మార్చాలా, అసలు ఇకపై మ్యాచ్‌లకు తాను వెళ్ళవచ్చా అన్నవి ఆయన ప్రశ్నలు.

అయ్యా, మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. కొడుకు మీద మీకున్న ప్రేమ ప్రతి పేజీలోనూ కనిపిస్తోంది కాబట్టి, చెప్పవలసినది దాచకుండా చెబుతాను. మీరు నాలుగు నిర్ణయాలను ఒకే మూటగా కట్టి దానికి అన్యాయమని పేరు పెట్టారు. మూట విప్పి చూస్తే, రెండింటిలో అంపైర్ చెప్పింది పూర్తిగా సరైనది. ఒకటి ఆయన కంటికీ చెవికీ వదిలేయవలసినది. మిగిలిన ఒక్కటి, మీరు సరైనదేనని ఒప్పుకుని వదిలేసినది, నిజంగా తప్పు.

మూడో ఇన్నింగ్స్‌లో వర్తించిన ఇన్‌ఫీల్డ్ ఫ్లై (బేసుల దగ్గరి ఫీల్డర్ తేలిగ్గా పట్టగల గాలి బంతి) నిబంధన క్రికెట్ ఎరిగినవారికి ఒక పట్టాన మింగుడుపడదు. క్యాచ్ పట్టనే లేదు, మరి అవుట్ ఎక్కడిది అనిపిస్తుంది. ఈ నిబంధన లేకపోతే ఏం జరిగేదో చూడండి. మొదటి, రెండో బేసుల మీద రన్నర్లు ఉండగా బంతి గాలిలోకి లేస్తే, క్యాచ్ పడుతుందేమోనని ఇద్దరూ తమ బేసుల దగ్గరే ఆగిపోతారు. పట్టాక బేసుకు దూరంగా దొరికితే అవుటవుతామని వాళ్ళ భయం. సరిగ్గా ఆ భయాన్నే వాడుకుని గడుసు ఫీల్డర్ బంతిని కావాలని నేలపాలు చేస్తాడు. నేల తాకిన క్షణం నుంచి బ్యాటర్ మొదటి బేసుకు రావాలి, కాబట్టి అక్కడున్నవాడు రెండో బేసుకు, రెండో బేసు మీదివాడు మూడో బేసుకు జరగక తప్పదు. కదలకుండా నిలబడిన ఆ ఇద్దరినీ, బంతిని మూడో బేసుకూ అక్కడి నుంచి రెండో బేసుకూ విసిరి తీరిగ్గా అవుట్ చేయవచ్చు. పడితే ఒక అవుట్, వదిలేస్తే రెండు. ఈ కుయుక్తిని అడ్డుకోవడానికే 1890లలో ఈ నిబంధన తెచ్చారు. మీ జట్టును దెబ్బతీసిందని మీరు అనుకుంటున్న ఈ నిబంధన బ్యాటింగ్ జట్టును కాపాడటానికి పుట్టినదే.

దీనికి షరతులున్నాయి. అప్పటికి రెండు అవుట్లు అయి ఉండకూడదు. మొదటి, రెండో బేసులు రెండింటి మీదా, లేదా మూడు బేసుల మీదా రన్నర్లు ఉండాలి. బంతి ఫెయిర్ (ఆట గీతల లోపలి) హద్దుల్లోనే పడాలి, ఇన్‌ఫీల్డర్ మామూలు ప్రయత్నంతో పట్టగలిగేలా ఉండాలి. బంట్ (బ్యాట్ ఊపకుండా బంతిని మెల్లగా తట్టడం) చేయబోగా లేచినది, గీత గీసినట్టు సూటిగా దూసుకుపోయేది లెక్కలోకి రావు. మామూలు ప్రయత్నమంటే ఆ స్థాయిలో ఆడే సగటు ఆటగాడి ప్రయత్నమని నిబంధనల పుస్తకమే చెబుతుంది. అంటే మీ వాడి మ్యాచ్‌లో ఆ వయసు పిల్లల సగటు నైపుణ్యమే కొలబద్ద. షార్ట్‌స్టాప్ నెత్తి మీదకు నిలువుగా లేచిన బంతికి ఇందులో సందేహానికి తావు లేదు. షరతులన్నీ కుదిరినప్పుడు అంపైర్ చెయ్యెత్తి “ఇన్‌ఫీల్డ్ ఫ్లై” అని గట్టిగా ప్రకటిస్తారు. మీకు అర్థం కాని ఆ కేక అదే. ఆ కేకతోనే బ్యాటర్ అవుట్. ఆ తరువాత బంతి గ్లవ్‌లో నిలిచినా జారినా ఆ అవుట్ మారదు.

ఇక రెండో సగం, మీ కొడుకు అవుట్. బ్యాటర్ అవుటైపోయాడు కాబట్టి మొదటి బేసు మీదివాణ్ణి వెనక నుంచి తరిమేవారు లేరు, మీ వాణ్ణి తరిమేవారూ లేరు. ముందుకు పోయి తీరాలన్న బలవంతం తొలగిపోయింది. అయితే ఆట ఆగదు. బంతి ఆటలోనే ఉంటుంది, రన్నర్ కావాలనుకుంటే తన పూచీ మీద పరుగెత్తవచ్చు. ఉరకకుండా రెండో బేసు మీద నిలబడి ఉంటే మీ వాణ్ణి ఎవరూ ఏమీ చేయగలిగేవారు కారు. ఇన్నింగ్స్ రెండు అవుట్లతో, ఇద్దరు రన్నర్లతో కొనసాగేది.

వాడు ఎందుకు ఉరికాడో మీ ఉత్తరమే చెబుతోంది. రెండో బేసు మీది రన్నర్‌కు వెనక ఏం జరుగుతోందో కనిపించదు కాబట్టి, సాగాలో ఆగాలో మూడో బేసు పక్కన నిలబడే కోచ్‌ను చూసి తేల్చుకుంటాడు. మీరందరూ నిలబడింది కూడా అటువైపే. కోచ్ గొంతు, మీ గొంతు కలిసిపోయి ఉంటాయి. లేదా పదమూడేళ్ళ పిల్లవాడికి కోచ్ సైగ కన్నా నాన్న కేకే ముందు చేరి ఉంటుంది. ఆ అవుట్ అంపైర్ ఖాతాలోనిది కాదు, పిల్లవాడి ఖాతాలోనిదీ కాదు. మీ మనసుకు ఇది కష్టంగా ఉంటుందని తెలిసీ రాస్తున్నాను, ఎందుకంటే “గ్రౌండ్‌కు రాకు” అన్న మాటకు మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. తన చెవుల్లో ఉన్నది మీ కేక. అది విని ఉరికినందుకు అవుటయ్యాడు. ఆ వెంటనే మీరు వెళ్ళి అంపైర్‌ను తిట్టారు. ఆ మూడింటినీ కలిపి వాడు ఏ లెక్క వేసుకున్నాడో మనకు తెలియదు గానీ, వేసుకోకుండా ఉండడు.

ఐదో ఇన్నింగ్స్‌లోని మూడో స్ట్రైక్ విషయంలోనూ అంపైర్ చెప్పిందే సరైనది. మూడు స్ట్రైకులు పడగానే బ్యాటర్ పని అయిపోయిందని అనుకుంటాం గానీ, ఆ మూడో బంతిని క్యాచర్ నేల తాకకుండా పట్టినప్పుడే అవుట్ పూర్తవుతుంది. పట్టలేకపోతే, మొదటి బేసు ఖాళీగా ఉన్నప్పుడు గానీ, ఖాళీగా లేకున్నా అప్పటికే రెండు అవుట్లయి ఉన్నప్పుడు గానీ, బ్యాటర్‌కు మొదటి బేసుకు పరుగెత్తే హక్కు ఉంటుంది. క్యాచర్ అతణ్ణి ట్యాగ్ చేయాలి, లేదా అతనికన్నా ముందే బంతిని మొదటి బేసుకు చేర్చాలి. అది జరగలేదు కాబట్టి ఇన్నింగ్స్ ముగియలేదు, మూడో బేసు నుంచి వచ్చిన పరుగు చెల్లుతుంది. చాలా చిన్న వయసు విభాగాల్లో ఈ నిబంధనను పక్కన పెడతారు. అమెరికాలోని లిటిల్ లీగ్‌లో కూడా మైనర్స్ విభాగం పిల్లలకు మూడో స్ట్రైక్ జారినా అవుటే. మీ వాడు మొన్నమొన్నటి దాకా ఆ పద్ధతిలోనే ఆడి ఉంటే, బంతిని దిబ్బ వైపు దొర్లించి వచ్చేయడం అలవాటు కొద్దీ చేసిన పనే. అందుకే మ్యాచ్‌కు ముందు హోమ్ ప్లేట్ దగ్గర అంపైర్లు, రెండు జట్ల కోచ్‌లు కలిసినప్పుడు ఈ టోర్నీలో ఏ నిబంధనలు వర్తిస్తాయో అడిగి, వచ్చి పిల్లలకు చెప్పాలి. ఆ బాధ్యత కోచ్‌ది, పదమూడేళ్ళ క్యాచర్‌ది కాదు. ఈ మాట కూడా మీ వాడికి ఎవరో ఒకరు చెప్పాలి.

ఇప్పుడు చేతికి తగిలిన బంతి సంగతి. దీన్ని మీరు ఎందుకు ఒప్పుకున్నారో, ఆ కుర్ర అంపైర్ ఎందుకు పొరపాటు పడ్డారో నాకు ఊహకందుతోంది. ఇద్దరూ క్రికెట్ మధ్య పెరిగినవారే. క్రికెట్‌లో బ్యాట్ పట్టుకున్న చెయ్యి, దాని గ్లవ్ బ్యాట్ కిందే లెక్క, గ్లవ్‌కు తగిలి లేచిన బంతిని పడితే అవుట్. బేస్‌బాల్‌లో ఇది తలకిందులు. చెయ్యి శరీరంలో భాగం, అంతే. పిచర్ వేసిన బంతి బ్యాటర్ చేతికి తగిలిన క్షణమే ఆట ఆగిపోతుంది. బ్యాటర్ ఆ బంతికి బ్యాట్ ఊపి ఉంటే స్ట్రైక్. స్ట్రైక్ హద్దులోనే ఉన్న బంతికి చెయ్యి అడ్డం వచ్చినా స్ట్రైకే. ఊపకుండా, తప్పించుకోవడానికి ప్రయత్నిస్తుండగా తగిలితే మొదటి బేసు అతనికి ఇవ్వాలి. ముందు బ్యాట్‌కు తగిలి తరువాత చేతికి తగిలితే మాత్రమే ఫౌల్. మీరు రాసినట్టు పిల్లవాడు చేతులు వెనక్కి లాక్కుంటుండగా తగిలి, అంపైర్ కూడా చేతికే తగిలిందని ఒప్పుకుని “చేతులు బ్యాట్‌లో భాగం” అన్న కారణంతో ఫౌల్ ఇచ్చి ఉంటే, అది నిబంధనను తప్పుగా అన్వయించడం. మీ జట్టుకు ఒక రన్నర్ దక్కవలసింది.

అదే ఆ రోజు అడగడానికి వీలున్న ఒకే ఒక్క నిర్ణయం. ఎవరూ అడగలేదు, ఎందుకంటే అడిగే హక్కున్న మనిషి అప్పుడు చెట్టు కింద మిమ్మల్ని సముదాయిస్తున్నారు.

దీన్ని కాస్త వివరంగా చెప్పాలి, మీ ఫిర్యాదు ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. బేస్‌బాల్ నిబంధనలు అంపైర్ నిర్ణయాలను రెండు రకాలుగా చూస్తాయి. బంతి ఫెయిరా ఫౌలా, స్ట్రైకా బాలా (హద్దు తప్పిన బంతా), రన్నర్ సేఫా అవుటా అన్నవి అంపైర్ చూసి తేల్చేవి. వాటి మీద ఆటగాడు గానీ కోచ్ గానీ అభ్యంతరం చెప్పకూడదు, అవి అంతిమం. చూసినదానికి ఏ నిబంధన వర్తిస్తుందన్నది రెండో రకం. నిబంధనకు విరుద్ధంగా నిర్ణయం వచ్చిందన్న సహేతుకమైన అనుమానం ఉంటే, జట్టు బాధ్యుడు ఆ నిర్ణయం ఇచ్చిన అంపైర్ దగ్గరికే వెళ్ళి సరైన నిర్ణయం కోరవచ్చు. అదీ తరువాతి బంతి పడకముందే. బయట నిలబడ్డ తల్లిదండ్రులకు ఈ రెండింటిలో దేనిలోనూ పాత్ర లేదు.

అమెరికా పెద్ద లీగుల చరిత్రలో ఈ తేడాను పక్కపక్కన పెట్టి చూపే రెండు మ్యాచ్‌లున్నాయి. 2012 అక్టోబర్ 5న అట్లాంటాలో బ్రేవ్స్, కార్డినల్స్ జట్ల మధ్య నాకౌట్ మ్యాచ్. అచ్చం మీ మ్యాచ్‌లోలాగే ఒక అవుట్, మొదటి రెండు బేసుల మీద రన్నర్లు. షార్ట్‌స్టాప్ వెనక్కి పరుగెత్తి ఔట్‌ఫీల్డ్‌లోకి చాలా దూరం వెళ్ళాడు, బంతి ఎవరూ పట్టకుండా పడిపోయింది, అంపైర్ ఇన్‌ఫీల్డ్ ఫ్లై ఇచ్చారు. ప్రేక్షకులు సీసాలు విసరడంతో ఆట 19 నిమిషాలు ఆగింది. బ్రేవ్స్ అభ్యంతరాన్ని అధికారికంగా నమోదు చేస్తే ఆ రాత్రే తోసిపుచ్చారు, కారణం ఒక్కటే: మామూలు ప్రయత్నంతో పట్టగలడా లేదా అన్నది అంపైర్ చూసి తేల్చేది. దానికి భిన్నంగా 1983 జూలై 24న న్యూయార్క్‌లో కాన్సస్ సిటీ ఆటగాడు జార్జ్ బ్రెట్ హోమ్‌రన్ (క్రికెట్ సిక్సర్ లాంటి దెబ్బ) కొట్టాక, అతని బ్యాట్‌కు జిగురు 18 అంగుళాల హద్దు దాటి పూసి ఉందని అంపైర్లు అవుట్ ఇచ్చారు. అభ్యంతరం వెళితే లీగ్ అధ్యక్షుడు దాన్ని అంగీకరించారు. జిగురు ఎంత దూరం ఉందన్న దాని మీద గొడవ లేదు, అంత జిగురుకు అవుట్ శిక్ష వర్తిస్తుందా అన్నదే ప్రశ్న. ఆగస్టు 18న ఆటను అక్కడి నుంచే కొనసాగించారు, కాన్సస్ సిటీ 5-4తో గెలిచింది. చూపు మీద వేసిన అభ్యంతరం నిలవలేదు, నిబంధన మీద వేసినది నిలిచింది.

చివరి ఇన్నింగ్స్‌లోని మొదటి బేసు నిర్ణయం పూర్తిగా చూపుకు సంబంధించినది. ఒకేసారి వస్తే రన్నర్‌దే అని అందరూ అంటారని రాశారు. అనుమానం వస్తే బ్యాటర్‌కే లాభం అన్న క్రికెట్ మర్యాద కూడా మీ మనసులో ఉండి ఉండవచ్చు. బేస్‌బాల్ పుస్తకంలో అలాంటి ప్రత్యేక వరం ఏదీ రాసి లేదు. బ్యాటర్ మొదటి బేసును తాకకముందే అతణ్ణి గానీ బేసును గానీ ట్యాగ్ చేస్తే అవుట్ అని మాత్రమే ఉంది. ఈ వాక్యాన్ని అక్షరాలా పట్టుకుని, సమానమైతే సేఫే కదా అని వాదించేవారున్నారు. అంపైర్లు మాత్రం సమానం అన్నదే లేదని, ఏదో ఒకటి ముందు వచ్చి తీరుతుందని, అది ఏదో చెప్పడమే తమ పని అని భావిస్తారు. అందుకు వాళ్ళు వాడే పద్ధతి గమనించదగినది: చూపంతా బేసు అంచు మీద, రన్నర్ కాలు పడే చోట నిలిపి ఉంచుతారు, బంతి రాకను చూడరు, గ్లవ్‌లో పడిన చప్పుడు వింటారు. కాలు ముందా, చప్పుడు ముందా అన్నదే తీర్పు. చుట్టూ జనం అరుస్తుంటే ఆ చప్పుడు వినిపించడం ఎంత కష్టమో మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ఫిర్యాదు సంగతి. మీ బావమరిది చెప్పినట్టు వీడియో జతచేసి రాస్తే, మీ ఫిర్యాదులోని మూడు అంశాలు నిలవవు. నిలిచే నాలుగోదానికి గడువు ఆ మ్యాచ్‌లో తరువాతి బంతితోనే తీరిపోయింది. ఫలితం మారదు. ఆ వీడియోలో అధికారికి మొదట కనిపించేది మీరు ఒక విద్యార్థి అంపైర్‌ను లంచగొండి అనడం. అది మీకు ఎదురుతిరగవచ్చు, మీ వాడి ఎంపికను చూసేవారి మనసులోనూ నాటుకోవచ్చు. ఏమీ రాయకుండా ఊరుకోవడం మీ భార్యగారి సలహా. దానివల్ల గొడవ చల్లారుతుంది, కానీ ఆ అంపైర్ చేతుల విషయంలో అదే పొరపాటు వచ్చే మ్యాచ్‌లోనూ చేస్తారు, ఇంకో ఊరి పిల్లవాడి వేళ్ళు వాచినా మొదటి బేసు దక్కదు. మధ్యేమార్గం ఒకటుంది. మీ కోచ్ గారి పేరు మీద, ఫలితాన్ని ప్రశ్నించకుండా, ఎవరినీ వేలెత్తి చూపకుండా, చేతికి తగిలిన బంతి నిబంధనను అంపైర్లందరికీ స్పష్టం చేయమని నిర్వాహకులకు ఒక పేజీ రాయించవచ్చు. నేనైతే దీనివైపే మొగ్గుతాను. అయితే దానికి కోచ్ గారు ఒప్పుకోవాలి, ఆయన ఇప్పటికే మీ వల్ల ఇబ్బంది పడి ఉన్నారు కాబట్టి వద్దంటే బలవంతపెట్టకండి.

“ఎంత తీసుకున్నవ్” అన్న మాటను మిగతా వాటితో కలపలేం. నిర్ణయం తప్పనడం వేరు, మనిషి నిజాయితీని సందేహించడం వేరు. నేను చూసినంతవరకు మన వరంగల్, కరీంనగర్ ప్రాంతాల్లో పిల్లల బేస్‌బాల్‌కు అంపైర్లుగా నిలబడేది పీఈటీలు, వ్యాయామ విద్య చదివేవారు, ఒకప్పుడు సాఫ్ట్‌బాల్ ఆడినవారే. ఎండలో రోజంతా నిలబడితే వాళ్ళకు దక్కేది దారిఖర్చులు, భోజనం. ఒక కుర్రాడు ఇలాంటి మాట పడి మానేస్తే, వచ్చే ఏడు ఆ ప్లేటు వెనక నిలబడేవారు దొరకరు. కాబట్టి ఆయన్ను కలిసి, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానని చెప్పండి. నిబంధనల చర్చ ఆ సమయంలో ఎత్తవద్దు, ఎత్తితే క్షమాపణ బేరంలా వినిపిస్తుంది. ఆయన ముఖం తిప్పుకునే అవకాశమూ ఉంది, అందుకు సిద్ధపడి వెళ్ళండి. గ్రూపులోని వీడియోను తీసేయమని అడ్మిన్‌ను మీరే అడగండి. అడిగేటప్పుడు అదే గ్రూపులో, మీరు అన్నది తప్పని రెండు వాక్యాలు రాయండి. వీడియో చూసినవాళ్ళలో మీ వాడి క్లాస్‌మేట్ల తల్లిదండ్రులున్నారు, బడిలో వాడికి ఎదురయ్యే మాటలు అక్కడి నుంచే వస్తున్నాయి.

పెద్దవాళ్ళ మధ్య కూడా ఇది సాధ్యమేనని చూపడానికి ఒక సంఘటన గుర్తు చేస్తాను. మీ వాడికి కూడా చెప్పవచ్చు. 2010 జూన్ 2న డెట్రాయిట్ పిచర్ ఆర్మాండో గలారాగా వరుసగా 26 మందిని అవుట్ చేశాడు. 27వ వాడు కూడా మొదటి బేసు దగ్గర స్పష్టంగా అవుట్. అంపైర్ జిమ్ జాయిస్ సేఫ్ అన్నారు. ఒక్క బ్యాటర్‌నూ బేసు చేరనివ్వని, పిచర్ల జీవితంలో అరుదుగా దక్కే పరిపూర్ణ మ్యాచ్ అలా చేజారింది. ఆట అయ్యాక రీప్లే చూసిన జాయిస్ తన తప్పును బహిరంగంగా ఒప్పుకుని, గలారాగాను క్షమించమని అడిగారు. మరునాడు ప్లేటు దగ్గరికి జట్టు జాబితా తీసుకుని వచ్చి జాయిస్ చేతికి ఇచ్చింది గలారాగానే. జాయిస్ కన్నీళ్ళు తుడుచుకున్నారు. నిర్ణయం మాత్రం మారలేదు, రికార్డుల్లో అది ఇప్పటికీ సేఫే.

కొడుకుతో మాట్లాడటం అన్నిటికన్నా ముందు జరగవలసినది. ఎదురెదురుగా కూర్చోబెట్టి ప్రశ్నించకండి. ఆ వయసు పిల్లలు బండి మీద వెనక కూర్చున్నప్పుడో, రాత్రి వడ్డేపల్లి చెరువు గట్టు మీద పక్కన నడుస్తున్నప్పుడో మాట్లాడినంతగా ఎదురుగా మాట్లాడరు. ముందు మీరు చెప్పండి: “నేను ఉరుకుమన్నందుకే నువ్వు ఉరికినవ్, ఆ అవుట్ నాది. మూడో స్ట్రైక్ రూల్ నీకు ఎవరూ చెప్పలేదు, అది నీ తప్పు కాదు. అంపైర్‌ను నేను అనకూడని మాట అన్న, పోయి చెప్పి వస్త.” అంతే చెప్పి ఆపండి. వాడు వెంటనే కరిగిపోకపోవచ్చు, “ఊఁ” అని ఊరుకోవచ్చు. ఆ తరువాత గ్లవ్ గురించి మీరు ఎత్తకండి. మీరు ఎత్తితే ఈ మాటలన్నీ వాణ్ణి మళ్ళీ ప్రాక్టీసుకు పంపడానికి వేసిన ఎత్తుగా అనిపిస్తాయి.

మ్యాచ్‌లకు వెళ్ళాలా అన్న ప్రశ్న నాకు కాదు, వాడికే వేయండి. రావద్దంటే గేటు దగ్గర దింపి వచ్చేయండి, సాయంత్రం తీసుకురండి. స్కోరు తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకుంటుంది, అయినా వాడు చెప్పేదాకా అడగకండి. రమ్మంటే మొదటి బేసు వైపు వెనగ్గా కూర్చోండి. చేతిలో పెన్ను, స్కోరు పుస్తకం ఉంటే ఇంకా మంచిది. బేస్‌బాల్ స్కోరు రాయడం నేర్చుకుంటే ప్రతి బంతికీ ఎన్ని అవుట్లు, ఏ బేసుల మీద ఎవరున్నారు అన్నది మీ కళ్ళ ముందుంటుంది. ఇన్‌ఫీల్డ్ ఫ్లై అయినా మూడో స్ట్రైక్ అయినా ఆ రెండు అంకెల మీదే ఆధారపడతాయి కాబట్టి, నిబంధనలు చదివి బట్టీపట్టేదానికన్నా ఇలా తొందరగా వంటబడతాయి.

క్రికెట్‌కు మార్చడం మూడో దారి. అందులో తప్పేమీ లేదు. క్యాచర్‌గా కూర్చుని లేచిన కాళ్ళు, గ్లవ్‌లోకి బంతిని మెత్తగా తీసుకునే చేతులు వికెట్ కీపింగ్‌కు బాగా పనికొస్తాయి. మీరు దగ్గరుండి నేర్పగలరన్న లాభమూ ఉంది. నష్టమల్లా ఒక్కటే: అది మీ ఆట. వాడు బేస్‌బాల్‌ను తనంతట తాను ఎంచుకున్నాడని మీరే రాశారు. ఓడిన వెంటనే మీ ఆటలోకి తెచ్చుకుంటే, తన ఎంపికే పొరపాటన్న భావం పడవచ్చు. ఈ సీజన్ ముగిసేదాకా ఆగి, రెండు ఆటలూ వాడి ముందు పెట్టి అడగండి. బేస్‌బాల్‌కే తిరిగి వెళతానంటే, కోచ్ గారిని కలిసి ప్రాక్టీసు చివర రోజూ కొంతసేపు ఒకే పని చేయించమనండి: మూడో స్ట్రైక్ బంతిని కావాలని నేల మీద వదిలి, ఎన్ని అవుట్లో, మొదటి బేసు ఖాళీయో కాదో పైకి గట్టిగా చెప్పించి, తీసి మొదటి బేసుకు విసరమనడం.